పంపు పట్టిన శ్రుతి

పునీత జోసిమాస్ కుటీరం,
అథోస్ కొండ.
మే నెల.

సోదరి ఎవాంథియా గారికి,

ప్రభువు కృప మీకు తోడుండుగాక. మీరు క్షేమమని తలుస్తాను.

మా కుటీరంలో శిష్యులు ఇంటికి ఉత్తరాలు రాయకూడదు. అప్పగించిన పనికి తప్పనిసరైతే మాత్రం రాయవచ్చు. ఇది పని గురించిన ఉత్తరం కనుక దొసితేయోస్ పెద్దయ్య అనుమతించారు. మా అందరికీ ఆయనే పెద్ద. చదివి చూడమన్నాను. అక్కర్లేదు, నిన్ను నమ్ముతున్నానన్నారు.

మీరు దానంగా పంపిన కంప్యూటర్ విడిభాగాలు పడవలో దఫ్నీ రేవుకీ, అక్కడి నుంచి కంచరగాడిద మీద పైకీ క్షేమంగా చేరాయి. మీరు గీసి పంపిన బొమ్మ ముందు పెట్టుకుని నేనే బిగించాను. ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచే సరంజామా, అంటే పంపు, రెండు గొట్టాలు, రేడియేటర్, ఏది ఎక్కడుండాలని మీరు గీశారో అక్కడే ఉన్నాయి. పెట్టె పనిచేస్తోంది. కానీ కాస్త వేడెక్కితే చాలు, గుడగుడలాడుతోంది.

ఇక్కడ యోనాస్ అనే వృద్ధ సన్యాసి ఉన్నారు. ఈ కుటీరంలో తరతరాలుగా పాడుతున్న కీర్తనల బాణీ తెలిసినవారు ఇప్పుడు ఆయనొక్కరే. వాటిని రికార్డు చేసి ఇమ్మని నగరంలోని సంగీత పాఠశాలవారు అడిగారు. ఆ పని పెద్దయ్య నాకు అప్పగించారు. మొదటి రోజు యోనాస్ గారు రెండు చరణాలు పాడి ఆగిపోయి, ఎవరు నీళ్లు తాగుతున్నారని అడిగారు. ఎవరూ కాదు, పెట్టె అన్నాను. దానికి ఆకలేస్తోందేమో అని ఒక ఎండు రొట్టె ముక్క దాని పక్కన పెట్టి వెళ్లిపోయారు.

పెట్టెను వేరే గదిలో పెట్టే వీలు లేదు. సౌరవిద్యుత్తు ఉన్నది ఒక్క గదికే. వైరు కోసం పాత గోడకు బెజ్జం పెడతానంటే పెద్దయ్య ఒప్పుకోలేదు.

ఆగస్టు దేవమాత పండుగలోగా రికార్డింగు పూర్తయితే నాకు దీక్ష ఇస్తానన్నారు. కాకపోతే నన్ను థెస్సలోనికికి, ఇంటికి పంపించేస్తారు. "ఒక పెట్టె నోరు మూయించలేనివాడు తన మనసు నోరేం మూయిస్తాడు?" అన్నారు. ఈ దీక్ష తప్ప నేను కోరుకునేది ఇంకేమీ లేదు. దయచేసి సలహా ఇవ్వగలరు.

పాపి అయిన,
స్ట్రాటోస్


థెస్సలోనికి,
ఎగ్నాతియా వీధి వెనక సందు.
మే నెలాఖరు.

ఒరేయ్ స్ట్రాటోస్,

గారేంట్రా గారు? నీ ముక్కు తుడిచినదాన్ని. ఏడాదిన్నరగా బతికున్నావో చచ్చావో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు పంపు గుడగుడలాడిందని సోదరి గుర్తొచ్చింది. ఆ పంపుకున్నపాటి ప్రేమ నీకు లేకపోయింది.

పాపినని సంతకం పెట్టావు. ఒప్పుకుంటున్నాను. దుకాణంలో సగం పని నా నెత్తిన పడేసి పోయినవాడు పాపి కాక ఏమవుతాడు? శబ్దం రాని కంప్యూటర్లు కావాలంటే ఏథెన్సు నుంచి కూడా మన దగ్గరికే వచ్చేవాళ్లు. ఇన్నేళ్లు నువ్వూ నేనూ కలిసి నిశ్శబ్దం అమ్ముకుని తిన్నాం. నీకు ఆ నిశ్శబ్దం చాల్లేదు, ఇంకా మేలు రకం కావాలని కొండెక్కావు. అక్కడ కూడా గుడగుడే అని విని నాకు కడుపు నిండిపోయింది. దాచడం దేనికి, చదివి పడీపడీ నవ్వాను.

సరే, పనికొద్దాం. ముందు ఇది చెప్పు: ప్రాసెసర్ మీద కూర్చునే రాగి రేకుకి అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. అది పీకావా, ప్రార్థన చేసుకుంటూ మర్చిపోయావా? పీకి ఉంటే పంపు వేగం తగ్గించి, ఫ్యాన్ల వేగం పెంచి చూడు. బొమ్మ జోలికి మాత్రం వెళ్లకు. నేను గీసింది గీసినట్టే ఉంచు.

మామూలుగా అయితే బస్సెక్కి వచ్చి పావుగంటలో బాగు చేసి పోయేదాన్ని. కానీ మీ కొండ మీదకి ఆడమనిషి రాకూడదు కదా. ఆవు రాకూడదు, కోడి రాకూడదు. ఆడపిల్లికి మాత్రం మినహాయింపు ఉందట. ఎలుకలు పడుతుందని. నేను పంపులు బాగు చేస్తానురా, ఆ సంగతి మీ పెద్దయ్యకి చెప్పు.

నిన్ను తిరిగి పంపించేస్తే నేను ఏడుస్తాననుకోకు. నీ స్టూలు నీ బల్ల దగ్గరే ఉంది.

మీ అక్క,
ఎవాంథియా


జోసిమాస్ కుటీరం.
జూన్ నెల.

అక్కకి,

ప్లాస్టిక్ కాగితం పీకానా అని అడిగావు. ఆ కాగితం పీకకుండా బిగించుకుని, వేడెక్కిపోతోందని వచ్చిన బేరగాళ్లందరినీ చూసి పదేళ్లపాటు నీ పక్కన కూర్చుని నవ్వినవాణ్ణి నేను. ఆ ప్రశ్న నన్ను అడుగుతావా? కోపం వచ్చింది. కోపం పాపం కనుక వెళ్లి పెద్దయ్య దగ్గర ఒప్పుకున్నాను. దేని గురించని అడిగారు. ప్లాస్టిక్ కాగితం గురించన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి ఇక వెళ్లమన్నారు.

నువ్వు చెప్పినట్టు ఫ్యాన్ల వేగం పెంచాను. గదిలో ఎవరో జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు ఉంది. మళ్లీ తగ్గించాను. పంపు వేగం తగ్గిస్తే రికార్డింగు మొదలైన కాసేపటికి ప్రాసెసర్ వేడెక్కి, పంపు తనంతట తనే వేగం అందుకుంటోంది. వెంటనే గుడగుడ. రికార్డింగు ఆపి చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మా పెద్దయ్య ఎప్పుడొచ్చి చూసినా అది చల్లగానే ఉంటోంది. పెట్టె బుద్ధిగానే ఉందిగా అని వెళ్లిపోతున్నారు.

ఒక వింత చెప్పాలి. గుడగుడ కాకుండా పంపుకి సన్నటి రొద ఒకటి ఉంది కదా, యోనాస్ తాత దాన్ని శ్రుతి అనుకుంటున్నారు. మా పాట పద్ధతిలో ఒకరు పాడుతుంటే ఇంకొకరు కింద ఒకే స్వరం నిలిపి పట్టుకుంటారు. ఆయనకి అలా శ్రుతి పట్టిన మొదెస్తోస్ అనే సన్యాసి మూడేళ్ల కిందట పోయారు. ఇప్పుడు తాత గదిలోకి రాగానే పెట్టె మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఆ రొదలో నుంచి స్వరం తీసుకుని పాట ఎత్తుకుంటున్నారు. మొన్న నాతో అన్నారు, కుర్రాడు శ్రుతి బాగానే పడుతున్నాడు కానీ మధ్యలో నీళ్లు తాగే అలవాటు మానిపించమని.

ఇంకేం చెయ్యాలో రాయి. బొమ్మ ప్రకారమే అంతా ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

తీపి బుగాత్సా రొట్టెలు అమ్మే అంగడి ఇంకా ఉందా? ఇది పనికి సంబంధించిన ప్రశ్న కాదు. కొట్టేద్దామనుకున్నాను కానీ కాగితం ఖరాబవుతుందని ఉంచేశాను.

స్ట్రాటోస్


థెస్సలోనికి.
జూన్ చివర్లో.

ఒరేయ్ తమ్ముడూ,

అంగడి ఉంది. నీ కోసం అడుగుతున్నారు. సన్యాసుల్లో కలిశాడని చెప్తే అంగడామె గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, నాకొక బుగాత్సా ఊరికే ఇచ్చింది. నువ్వు చేసిన పుణ్యంలో నాకు దక్కింది అంతే.

పంపు సంగతి. పెట్టెని కాస్త పక్కకి వాల్చి, మెల్లగా కుదిపి చూడు. లోపల గాలి బుడగలుంటే సర్దుకుంటాయి. సర్దుకోకపోతే వారం పది రోజులు అలాగే నడవనివ్వు. ఈలోగా మార్పు ఏముందో రాస్తూ ఉండు. వివరంగా రాయి. ఒక్క ముక్కలో తేల్చెయ్యకు, రోగం పట్టుకోవాలంటే నాకు వివరాలు కావాలి.

పోయిన ఆదివారం ఒక పని చేశాను. దుకాణానికి తాళం వేసి ఉరానూపొలికి వెళ్లి, మీ కొండ చుట్టూ తిప్పే టూరిస్టు పడవ ఎక్కాను. ఆడవాళ్లున్న పడవ ఒడ్డుకి దూరంగానే పోవాలట. పక్కన ఒక జర్మనావిడ మెడలో దుర్భిణి ఉంటే అడిగి పుచ్చుకున్నాను. గైడు మైకులో ఏవేవో మఠాల పేర్లు చదువుతున్నాడు. మీ కుటీరం పేరు వాడికి తెలియదు. నేనే వెతుక్కున్నాను. సౌరఫలకాలు మెరుస్తున్న ఒక చిన్న కప్పు కనిపించింది, దాని పక్కన ఉల్లిమడి, మడిలో వంగి ఎవరో నల్లబట్టల మనిషి. నువ్వేనేమో అని చూస్తూ ఉన్నాను. జర్మనావిడ దుర్భిణి ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. తర్వాత పడవ మలుపు తిరిగింది.

నాకు నువ్వు ఇంటికి రావాలని ఉందిరా. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. పండుగ దగ్గర పడుతోంది, ఆ పెట్టె మాట వినకపోతే దాని ఖర్మ. సామాను సర్దుకుని వచ్చెయ్. నేను ఏమీ అనను. మొదటి రెండ్రోజులు అననులే.

ఎవాంథియా


జోసిమాస్ కుటీరం.
జూలై నెల.

అక్కా,

ఉల్లిమడిలో నువ్వు చూసింది నన్ను కాదు. యోనాస్ తాతని. ఇప్పుడైతే ఆయన రోజంతా అక్కడే ఉంటున్నారు. ఎందుకో చెప్తాను విను.

వారం కిందట పెద్దయ్య చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంతవరకూ చేసిన రికార్డింగులన్నీ విన్నారు. విని మొహం మాడ్చుకున్నారు. తాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పాట వెనకాల ఆ గుడగుడ అంతా ఆయన రొమ్ములోదేనట. అది పంపు అని చెప్పాను. పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపించబోయాను. చల్లగా ఉండటంతో అది కిక్కురుమనలేదు. వేడెక్కేదాకా ఆగమని బతిమాలాను. "ముసలాయన్ని వెనకేసుకొస్తున్నావు, మంచిదే. కానీ పాట కోసం మనిషిని చంపుకోలేం" అన్నారు. ఆ రోజు నుంచి తాతకి పాట మాన్పించారు. రికార్డింగే కాదు, గుడిలో కూడా నోరు తెరవకూడదు. పొద్దునా సాయంత్రం కొండ ఆకుల కషాయం.

తాతకి నవ్వుతూ ఉండటం తప్ప ఇంకేమీ తెలియదు అనుకునేవాణ్ణి. నిన్న మడి దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాను. కుటీరం వైపు వీపు పెట్టి ఉల్లికాడలు పీకుతున్నారు. తలెత్తకుండా, "నా గొంతు పోయిందంటున్నార్రా. నాకేమో ఉన్నట్టే ఉంది. ముసలోళ్లకి పోయినవి కూడా ఉన్నట్టే అనిపిస్తాయేమో" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు ఉల్లి వల్ల వచ్చినవి కావు.

అక్కా, ఇక ఆట చాలు. నువ్వు పంపిన బొమ్మలో రేడియేటర్ పెట్టె అడుగున ఉంది. పంపు దానికంటే పైన ఉంది. నీళ్లలో మిగిలిన గాలి ఎప్పుడూ పైకే పోతుంది, పైన ఉన్నది పంపు కాబట్టి అక్కడే చేరి గుడగుడమంటుంది. రేడియేటర్ పైన ఉండాలని మన దుకాణంలో గోడ మీద ఎర్ర సిరాతో రాసింది నువ్వు. నువ్వు పొరపాటు పడ్డావని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. బొమ్మ విప్పి చూసిన రోజునే తెలిసింది.

తెలిసీ అలాగే ఎందుకు బిగించావని అడుగుతావు. పెట్టె సవ్యంగా ఉంటే నీకు ఉత్తరం రాయడానికి నాకు అనుమతి దొరకదు. అందుకు. నువ్వు నన్ను ఇంటికి రప్పించడానికి చేశావు, నేను నీ తిట్లు తినడానికి చేశాను. మనిద్దరి ఆట వల్ల యోనాస్ తాతకి నోరు కట్టేశారు. ఇప్పుడే తిప్పి బిగించేస్తే నువ్వు ఓడిపోతావు. నిన్ను అడక్కుండా ఆ పని చెయ్యబుద్ధి కావట్లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు.

స్ట్రాటోస్


థెస్సలోనికి.
జూలై నెల.

ఒరేయ్ గాడిదా,

నన్నడగడం దేనికిరా? ఉత్తరం వచ్చి, నేను చదివి, జవాబు రాసి, అది పడవెక్కి గాడిదెక్కి నీకు చేరేసరికి ఆ ముసలాయన ఇంకో పది రోజులు ఉల్లిమడిలో కూర్చోవాలి. నీకు బుద్ధుందా? ఈ ఉత్తరం అందగానే స్క్రూడ్రైవర్ పట్టుకో. రేడియేటర్ విప్పి పెట్టె పైకప్పుకి బిగించు. గొట్టాలు మెలిపడకుండా చూసుకో. రెండు ఫ్యాన్లూ గాలి బయటికి నెట్టేలా పెట్టు. పంపు వేగం సగానికి కాస్త పైన కట్టేసి, దాన్ని ఇక ముట్టుకోకు. గాలి పైకి పోయి రేడియేటర్లో కూర్చుంటుంది. గుడగుడ పోతుంది, రొద కూడా చెవి ఆనిస్తే తప్ప వినపడదు.

అవును, కావాలనే గీశాను. క్షమించమని అడగను. నీ కుటీరం నుంచి కంప్యూటర్ కావాలని కబురొచ్చిన రోజున నాకు పండగలా అనిపించింది. వీణ్ణి ఒక్క పంపుతో వెనక్కి లాక్కొస్తాననుకున్నాను. ఏడాదిన్నర నుంచి ఎదురుగా ఖాళీ స్టూలు పెట్టుకుని ఒక్కదాన్నే భోంచేస్తున్నాను. నాకు ఇంకెవరున్నారు చెప్పు? కానీ నాకు కావలసింది నువ్వు. ముసలివాళ్ల గొంతు కాదు.

మీ పెద్దయ్యకి జరిగింది జరిగినట్టు చెప్పు. తిట్టేదుంటే నన్ను తిట్టమను. ఎలాగూ నా మొహం ఆయన చూడలేడు, నా తప్పుకి నన్ను పట్టుకుని అడిగే వీలూ లేదు.

ఎవాంథియా


జోసిమాస్ కుటీరం.
జూలై చివర్లో.

అక్కా,

తిప్పి బిగించాను. పెద్దయ్యని గదిలో కూర్చోబెట్టి, ప్రాసెసర్ వేడెక్కేదాకా ఉంచి, పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ వినిపించాను. ఆ తర్వాత బొమ్మ సంగతి, నా సంగతి మొత్తం చెప్పేశాను. అంతా విని ఆయన, మీ అక్క ఈ కొండ మీదకి రాకూడదనే నియమం ఎంత మంచిదో నాకు ఇన్నేళ్లకి అర్థమైందన్నారు. నాకు సాష్టాంగాలు, వంటింట్లో గిన్నెలు శిక్షగా వేశారు. తర్వాత తానే ఉల్లిమడికి వెళ్లి తాత ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తాత లేచి చేతులు దులుపుకుని నేరుగా గుడిలోకి పోయారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఇప్పుడు పెట్టె ఉన్నట్టే తెలియడం లేదు, అంత నిశ్శబ్దంగా ఉంది. తాత దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటారు. ఏమీ వినపడదు. పాట ఎత్తుకుంటారు కానీ నాలుగో చరణానికి స్వరం జారిపోతోంది. ఆఖరుకి వచ్చేసరికి మొదలెట్టిన చోటుకీ దానికీ పొంతన ఉండదు. ఆయనకే తెలుస్తోంది. ఆ కుర్రాణ్ణి ఎందుకు పంపించేశారని అడుగుతున్నారు.

ఇక్కడున్న మిగతావాళ్లలో ఒకరికి గొంతు లేదు, ఒకరికి చెవి లేదు. పెద్దయ్య పాడితే గుళ్లో పిల్లులు బయటికి పోతాయి, ఆయనే చెప్తారు. నేను ఇంతవరకూ గుడిలో నోరు విప్పలేదు.

పండుగ మీద పడుతోంది. అందుకని అడుగుతున్నాను. పంపుని ఏ వేగంలో కట్టేస్తే తాత స్వరానికి సరిపడే రొద వస్తుంది? పాట మలుపు తిరిగినప్పుడు మొదెస్తోస్ గారు తాతతోపాటు ఒక మెట్టు దిగి, మళ్లీ ఎక్కేవారట. అది కూడా పంపు చేత చేయించగలమా? నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు.

స్ట్రాటోస్


థెస్సలోనికి.
ఆగస్టు మొదటివారం.

స్ట్రాటోస్,

వేగం ఎంతో చెప్పగలను. ఇలాంటి పంపు ఒకటి బల్ల మీద పెట్టి, నా ఫోనులో స్వరం చూసుకుంటూ ఉదయమంతా అదే పని చేశాను. కానీ చెప్పను. పొగరుతో కాదు. పంపు పనికిరాదు కనుక. నీళ్లు వేడెక్కేకొద్దీ పల్చబడి వేగం వెంట్రుకవాసి పెరుగుతుంది. మనకి తెలియదు, ఆయన చెవికి తెలుస్తుంది. దాన్ని కూడా సరిచేశామే అనుకో, పాడేవాడు ఎప్పుడు దిగుతాడో పంపుకి ఎలా తెలుస్తుంది? ఆయన ఊపిరి చూసి దిగాలి. ఆ పని మనిషే చెయ్యాలి.

ఆ మనిషి అక్కడే ఉన్నాడు. ఒరేయ్, పని చేసేటప్పుడు నువ్వు కూనిరాగం తీస్తావన్న సంగతి నీకు తెలుసా? రాగం కూడా కాదు. ఒకే ఒక్క స్వరం. స్క్రూ బిగించడం మొదలెట్టిన దగ్గర్నుంచి పెట్టె మూసేదాకా మ్‌మ్‌మ్‌ అంటూ అదే. పదేళ్లు భరించాను. ఎన్నిసార్లు స్క్రూలు విసిరానో నీకే తెలియదు, నీకు తగిలినా ఆపేవాడివి కాదు. ఒకసారి ఒక బేరగాడు శబ్దం కొలిచే మీటరు తెచ్చి, మీ పెట్టె రొద పెడుతోందని గొడవపడ్డాడు. వెతగ్గా వెతగ్గా రొద పెట్టేది నువ్వని తేలింది. ఆ స్వరం మాత్రం ఇంత కూడా అటూ ఇటూ పోయేది కాదు. రేడియోలో పాటొస్తే దాని కిందకి దూరిపోయి, అది దిగితే దిగేవాడివి.

నువ్వు వెళ్లాక దుకాణంలో నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. బేరగాళ్లు మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం అక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు.

పోయి ఆ ముసలాయన పక్కన నిలబడు. చేతిలో ఏదైనా స్క్రూ పెట్టుకో, అలవాటుగా ఉంటుంది. నోరు తెరవక్కర్లేదు, బల్ల దగ్గర చేసినట్టే చెయ్యి. ఇది నీకు చెప్తే నువ్వు ఇక రావని నాకు తెలుసు. తెలిసే చెప్తున్నాను. నా మనసు మారేలోగా ఈ ఉత్తరం పెట్టెలో వేసి వస్తాను.

అక్క


జోసిమాస్ కుటీరం.
పండుగ మర్నాడు.

అక్కా,

అయిపోయింది. మొదటి రోజు భయపడి, శ్రుతి ఎత్తుకోకుండా పెట్టె దగ్గర వైర్లు సర్దుతూ కాలం గడిపాను. తాత విసుక్కుని పెట్టె మీద వేసిన చెయ్యి తీసి నా భుజం మీద వేశారు. నువ్వు చెప్పినట్టు స్క్రూ ఒకటి గుప్పిట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని టంకం పెడుతున్నావనుకున్నాను. ఎక్కణ్ణుంచో వచ్చేసింది. తాత నాలుగో చరణం దాటారు, ఆఖరి చరణం కూడా దాటారు. పాట అయిపోయాక, కుర్రాడు తిరిగొచ్చాడన్నారు. నీళ్లు తాగడం మానేశాడని కూడా అన్నారు. ఆ తర్వాత రోజూ పాడుతూనే ఉన్నాం. పండుగ ముందురోజుకి ఒక్క కీర్తన కూడా మిగల్లేదు.

వచ్చే ఆదివారం నాకు దీక్ష. పేరు మారుతుంది, ఏం పేరో ఆ రోజు దాకా చెప్పరు. దీక్షకి ఒప్పుకునేటప్పుడు పెద్దయ్య ఒక్క మాట అడిగారు, ఇక ఉత్తరాలకి సాకులు వెతకవు కదా అని. వెతకనన్నాను. పని అయిపోయింది కనుక ఇదే ఆఖరు ఉత్తరం. ఆయన మంచివాడే అక్కా, నియమం నియమమే.

రికార్డింగుల కాపీ ఒకటి నీకు పంపమని ఆయనే అన్నారు. సంగీత పాఠశాల మనిషి తెచ్చిస్తాడు. వృత్తిలో ఉన్న మనిషివి, లోపలేమైనా దోషం ఉంటే చూసి పెట్టమన్నారు. దోషం కనిపిస్తే సరిచెయ్యడానికి నేను ఇంకొకసారి రాయవచ్చట.

నిన్ను తలుచుకోని రోజు లేదు. ఇది పని గురించి కాదు, అయినా రాస్తున్నాను. నేనిక్కడ సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషంలో నిన్ను ఏడిపించిన భాగం కూడా ఉంది, దాన్ని ఎలా తీసెయ్యాలో నాకు తెలియదు.

తమ్ముడు


థెస్సలోనికి.
సెప్టెంబరు.

తమ్ముడికి,

నీ కొత్త పేరు నాకు తెలియదు. పాత పేరుతో పిలిస్తే తప్పేమో. తమ్ముడన్న పేరు ఎవరూ మార్చలేరు కనుక అదే రాశాను.

రికార్డింగులు వచ్చాయి. దుకాణానికి తాళం వేసి, మన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. పాడుతున్న ఆయన గొంతు నిజంగా గొప్పది. నాకు భక్తి లేదని నీకు తెలుసు, అయినా ఒకచోట స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. కానీ నేను విన్నది ఆయన్ని కాదు. ఆయన కింద ఒకడున్నాడు. ఆయన ఊపిరి తీసుకుంటే వాడు ఆగడు, ఆయన పైకి పోతే వాడు పోడు, ఆయన దిగినప్పుడు మాత్రం దిగుతాడు. మొదటి నుంచి ఆఖరు దాకా వాణ్ణే విన్నాను.

తర్వాత దోషాలు వెతికాను. మీ పెద్దయ్య చెప్పాడని కాదు, దొరికితే నీ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వస్తుందని. శబ్దం పెంచి విన్నాను. తెర మీద గీతలుగా పరిచి చూశాను. పంపు ఉండాల్సిన చోట వెతికాను, ఫ్యాన్లు ఉండాల్సిన చోట వెతికాను. చిన్న చిటపట అయినా, కుర్చీ కిర్రుమన్నా, ఎవరైనా దగ్గినా బాగుండునని కోరుకున్నాను. ఇన్నేళ్లలో ఏ పెట్టె దగ్గరా అలా కోరుకోలేదు.

ఏమీ లేదురా. మన చేతుల్లోంచి ఇంత నిశ్శబ్దమైన పని ఎప్పుడూ బయటికి రాలేదు. లేనిదాన్ని ఉందని రాద్దామనుకుని కాగితం తీశాను, ఇంకొకసారి నీ దగ్గర అబద్ధం ఆడటానికి చెయ్యి రాలేదు.

దోషం లేదని మీ పెద్దయ్యకి చెప్పు.

అక్క